కత్తిరి ఎండల్లో పరాయి ఆకుకూరలు: తిరుపతి మిద్దెతోట డైరీ

ఫిబ్రవరి, రథసప్తమి దాటాక

ఈ వేసవి జాబితా ఖాయమైంది. చెట్టులా పెరిగే ఆకుకూర చాయా, సిస్సూ పాలకూర, పొడుగాకు కొత్తిమీర, అన్నంలో వాసనకి వేసే పండన్ ఆకు, రెక్కల చిక్కుడు ఒక వరస. ఇటలీ బేసిల్, థాయ్ బేసిల్, రోజ్‌మేరీ, థైమ్, లెట్యూస్ ఇంకో వరస. గుమ్మడి జాతి జుకినీ, చెర్రీ టమోటా విడిగా. సిర్రాకు, గోంగూర, బచ్చలి ఎండాకాలంలో ఎట్లా వస్తాయో మా వీధిలో ఎవరినడిగినా చెప్తారు, అందుకని వాటిని ఈసారి ఒక మూలకి జరిపేశాను. కొత్తవాటిలో ఏవి తిరుపతి మే నెలని దాటుతాయి, ఏవి దాటవు, ఎందుకు దాటవు అన్నది తేల్చుకోవాలి.

మా ఇల్లు కపిలతీర్థం రోడ్డుకి దగ్గర. ఉత్తరాన శేషాచలం కొండ. పగలంతా కాగిన రాయి రాత్రి చాలాసేపు వేడి కక్కుతూనే ఉంటుంది, మిద్దె శ్లాబూ అంతే. పడమర వైపు పిట్టగోడ నీడ తప్ప ఇంకేమీ లేదు. కొండ పక్కనే ఉన్నందుకు కోతులు అదనం.

విత్తనాల ప్యాకెట్ల మీద ‘పూర్తి ఎండ కావాలి’ అని ఉంటుంది. ఆ మాట రాసినవాళ్ళ ఎండ వేరు, మన ఎండ వేరు. అందుకే జాబితాలో ప్రతి మొక్క పక్కనా దాని పుట్టిల్లు రాసుకున్నా. చాయాది మెక్సికోలోని యుకటాన్ వైపు, వేడి ఊరు, సున్నపురాయి నేల. పొడుగాకు కొత్తిమీర ఉష్ణమండల అమెరికాలో చెట్ల నీడన, తేమలో పెరిగేది. రోజ్‌మేరీ, థైమ్ మధ్యధరా తీరానివి. అక్కడ వేసవి పొడిగా ఉంటుంది, వాన చలికాలంలో పడుతుంది. లెట్యూస్ చల్లదనం కోరే మొక్క. సిస్సూ మన పొన్నగంటాకు జాతిదే. బేసిల్ రెండు రకాలూ మనం వేసవిలో నానబెట్టుకు తాగే సబ్జా గింజల మొక్కకి రకాలే. రాసుకుంటూ పోతే పరాయివి అనుకున్నవాటిలో సగం మనకి చుట్టాలని తేలింది.

ఒరెగానో మాత్రం కొనలేదు. గోడ పక్కన ముద్దాకుల వామాకు మొక్క ఉంది, కొందరు కప్పూరవల్లి అంటారు చూడండి, అది. రెండింటి వాసనకీ మూలం కార్వక్రాల్ అనే పదార్థమే. పిల్లలకి పాస్తా చేసినప్పుడు రెండు వామాకులు సన్నగా తరిగి వేస్తే సరిపోతుంది. బజ్జీలకీ అదే.

ఫిబ్రవరి నెలాఖరు

జుకినీ గింజలు అన్నిటికన్నా ముందే పెట్టేశా. నెలన్నర పంట కాబట్టి ఏప్రిల్ నడిమికల్లా కాయలు కోసుకుని పక్కకి తప్పుకోవాలని లెక్క.

మట్టి కలపడం అయింది. ఆకుకూరలకి ఎర్రమట్టి రెండు పాళ్ళు, చివికిన పశువుల ఎరువు ఒక పాలు, కొబ్బరి పొట్టు ఒక పాలు, తొట్టికి గుప్పెడు వేపపిండి. కొబ్బరి పొట్టు ఇటుకని నానబెట్టి, రెండు మూడు నీళ్ళు మార్చి పిండేశాకే వాడా. దాంట్లో ఉప్పుంటుంది. మన బోరు నీళ్ళలో ఉన్నది చాలదన్నట్టు మళ్ళీ ఇదొకటి ఎందుకు? రోజ్‌మేరీ, థైమ్‌కి కొబ్బరి పొట్టు పూర్తిగా బంద్. సగానికి సగం ముతక ఇసుక, సన్న కంకర, మిగతాది మట్టి. పోసిన నీళ్ళు అప్పటికప్పుడు అడుగు నుంచి కారిపోవాలి.

నల్ల గ్రోబ్యాగులు పాతవి ఇంట్లో ఉన్నాయి. కొన్ని తెల్లవి కొన్నా. పలమనేరు టెర్రకోట అంటే అందరికీ అలంకారం బొమ్మలు గుర్తొస్తాయి గానీ నాకు కావలసింది రంగూ మెరుగూ పూయని ముతక మట్టి తొట్లు, మూతి సన్నగా ఉన్న చిన్న కుండలు. మోస్తరు ధరలో దొరికాయి. కుండలతో పని ఏప్రిల్‌లో పడుతుంది.

పాలక్కాడులో ఉండే చెల్లెలు చాయా కొమ్మలు పంపింది. కేరళలో దీన్ని ఇళ్ళ దగ్గర బాగా పెంచుతున్నారు. మూరెడు కర్ర ముక్కలు, ఆకులు దూసేసినవి. కోసిన చోట తెల్లటి పాలు కారి గడ్డకట్టి ఉన్నాయి. వచ్చినరోజే మట్టిలో గుచ్చితే కుళ్ళే ప్రమాదం ఉంది, అందుకని నాలుగైదు రోజులు నీడన ఆరబెట్టి, కోత బాగా ఎండాక పెట్టా. అత్త పైకి వచ్చి చూసింది.

“ఏందమ్మే ఇది, కట్టెలు తెచ్చి తొట్లో పాతినావు?”

“ఆకుకూర అత్తా. చెట్టు మాదిరి పెరుగుతుందంట.”

“చెట్టుకి కాసే ఆకుకూరంటే మునగాకు ఉండ్లా? దీనికోసం పాలక్కాడు పోవల్నా?”

జవాబు చెప్పకుండా నీళ్ళు పోసుకున్నా. పుంగనూరు పక్క పల్లెలో పుట్టి పెరిగిన మనిషి. ఆకుకూరల సంగతిలో ఆమె దగ్గర మాట నెగ్గాలంటే వండి పెట్టాలి, వాదిస్తే లాభం లేదు.

మార్చి రెండో వారం

లెట్యూస్ గింజకి ఒక గుణం ఉంది. మట్టి 28–30 డిగ్రీలు దాటితే బతికున్న గింజ కూడా మొలకెత్తకుండా పడుకుంటుంది. వేడి నేలలో మొలిస్తే చస్తానని దానికి తెలుసు, అందుకే ఆగుతుంది. తడి గుడ్డలో చుట్టి ఫ్రిజ్‌లో రెండు రోజులు ఉంచి, తెల్లటి మొన కనపడగానే వంటింటి కిటికీ దగ్గర ట్రేలో పెట్టా. అన్నీ వచ్చాయి. మిద్దె ఎక్కించి తూర్పు గోడ పక్కన ఉంచా. దాని మీద పెద్ద ఆశలు లేవు, నెల రోజులు ఆకు కోసుకోనిస్తే చాలు.

రెక్కల చిక్కుడు గింజ పైపొర గట్టిగా ఉంటుంది. గోళ్ళు కత్తిరించే కత్తెరతో ఒక పక్క చిన్న గాటు పెట్టి రాత్రంతా నానబెడితే తెల్లారేసరికి ఉబ్బింది. దీన్ని కాయల కోసం పెట్టలేదు. పగటి పొద్దు తగ్గితేగానీ ఇది పూత పట్టదు. ఎండాకాలమంతా తీగ, ఆకు, తీగ, ఆకు, అంతే. నాకు కావలసిందీ అదే. పడమర వైపు జీఐ తీగలు లాగి దీన్ని పాకిస్తే మధ్యాహ్నం రెండు దాటాక పడే ఎండకి పచ్చని తెర దొరుకుతుంది. లేత ఆకులు పప్పులోకి కూడా పనికొస్తాయి. కాయలు వస్తే శీతాకాలంలో రానీ.

పొడుగాకు కొత్తిమీర గింజ ఆవగింజలో నాలుగో వంతు ఉంటుంది. మట్టి మీద చల్లి వేలితో అదిమి వదిలేయాలి, పైన మట్టి కప్పకూడదు. మూడు వారాలు పట్టినా పట్టొచ్చని ముందే అనుకున్నా కాబట్టి తొట్టి మీద తడి గోనెపట్టా కప్పి, రోజూ ఒకసారి ఎత్తి చూడటం తప్ప ఇంకేమీ చేయలేదు.

జుకినీ అరచేతంత ఆకులు వేసింది. దీనికి మొదట వచ్చే పువ్వులన్నీ మగవే అవుతాయి, అది మామూలే.

ఏప్రిల్ మొదటి వారం

మిద్దె మీద ఈ వారం చేసిన పని కొలవడం. పాల వేడి చూసే పుల్ల థర్మామీటర్‌ని మధ్యాహ్నం మూడింటికి వేరు వేరు తొట్లలో నాలుగంగుళాల లోతున గుచ్చి చూశా. శ్లాబు మీద నేరుగా పెట్టిన నల్ల గ్రోబ్యాగు, పడమర అంచు: 46. అదే వరసలో తెల్ల బ్యాగు, కింద రెండు ఇటుకలు: 39. మట్టి తొట్టి, ఇటుకల మీద, రెండంగుళాల చెనక్కాయ తొక్కు కప్పి ఉన్నది: 34. గాలి వేడి మూడింటికీ ఒకటే!

ఎండలకి మొక్క చచ్చిపోయింది అంటాం గానీ చాలాసార్లు చచ్చేది కింద, వేరు దగ్గర. నేలలో పెరిగే మొక్కకి అడుగు లోతున చల్లదనం దొరుకుతుంది. తొట్టిలో మొక్కకి పారిపోయే చోటు లేదు. వేరు 40 డిగ్రీల్లో ఉంటే మట్టిలో నీళ్ళున్నా పీల్చుకోలేదు. ఆకు వాడుతుంది, మనం ఇంకా నీళ్ళు పోస్తాం, ఆ వేడి నీళ్ళలో వేరు కుళ్ళుతుంది. మట్టి తొట్టికైతే పక్కలన్నీ చెమ్మ బయటికి వచ్చి ఆరుతుంటాయి కాబట్టి కూజాలో నీళ్ళ మాదిరి లోపలి మట్టి చల్లబడుతుంది.

ఈ అంకెలు చూశాక జరిగిన మార్పులు: నల్ల బ్యాగులన్నిటికీ చిక్కగా సున్నం, కొంచెం జిగురు కలిపి కొట్టా. మిద్దెకీ అదే సున్నం రెండు పూతలు. తొట్లన్నీ ఇటుకల మీదికి ఎక్కాయి. కిందనుంచి గాలి ఆడుతోంది. విడివిడిగా ఉన్న తొట్లని దగ్గరికి జరిపి గుంపు చేశా, ఒకదాని నీడ ఇంకోదాని మీద పడేట్టు. పడమర అంచున మాత్రం మొక్క లేని, తడి ఇసుక నింపిన బ్యాగుల వరస.

చెనక్కాయ తొక్కుకి మన దగ్గర కరువేముంది! నారాయణి, ధరణి లాంటి చెనక్కాయ రకాలు ఈ తిరుపతి పరిశోధన కేంద్రం నుంచే వచ్చాయి. మిల్లు దగ్గర సంచి తొక్కు దాదాపు ఊరికే ఇస్తారు. ఒక్క ఇబ్బంది: తొక్కులో మిగిలిపోయిన గింజల కోసం ఉడుతలు వచ్చి తొట్లు తవ్వుతాయి. తొక్కుని ఒకసారి చాటలో చెరిగి వేస్తే ఆ తంటా తగ్గింది.

ఇక కుండలు. పెద్ద తొట్టి మధ్యలో చిన్న కుండని మెడ దాకా పూడ్చి, నీళ్ళు నింపి, మూతికి చిప్ప బోర్లించా. కుండ ఒంటి నుంచి నీళ్ళు ఊరి చుట్టూ మట్టికి అందుతాయి. మట్టి పొడిబారితే ఎక్కువ ఊరుతుంది, తడిగా ఉంటే ఆగుతుంది. పైమట్టి తడవదు కాబట్టి ఆవిరి నష్టం తక్కువ. పొద్దున నింపితే పెద్ద తొట్టికి మర్నాటి దాకా వస్తోంది. మా బోరు నీళ్ళకి కుండ రంధ్రాలు ఉప్పుతో పూడుకుపోతాయని గమనించుకోవాలి. మెడ చుట్టూ తెల్లటి పొర కట్టినప్పుడు తీసి, వెనిగర్ కలిపిన నీళ్ళలో రాత్రంతా నానబెట్టి, పీచుతో రుద్దితే మళ్ళీ ఊరుతుంది.

ఏప్రిల్ మూడో వారం

జుకినీ ఆఖరి కోత. ఏడెనిమిది కాయలు వచ్చాయి, వాటిలో రెండు కోతులు తీసుకెళ్ళాయి. ఎండ ముదిరేకొద్దీ ఆడపువ్వులు తగ్గి మగపువ్వులే వరసగా పూస్తాయి. ఆడపువ్వు వెనక వేలెడు పిందె ఉంటుంది, మగపువ్వుది ఉత్త కాడ. పొద్దున ఆరు, ఏడు మధ్య మగపువ్వు రేకులు తుంచేసి, మధ్యలో ఉన్న పుప్పొడి పుల్లని ఆడపువ్వులో తిప్పితేనే కాయ నిలిచింది. ఎనిమిది దాటితే పువ్వు ముడుచుకుపోతోంది, మా మిద్దె మీద ఆ వేళకి తేనెటీగలూ రావడం లేదు. మిగులు మగపువ్వులు శనగపిండిలో ముంచి బజ్జీలు వేశా. అత్తకి జుకినీ కాయ నచ్చలేదు, “సొరకాయకి రుచి తీసేసినట్టుండాది” అంది. బజ్జీలు మాత్రం రెండోసారి అడిగింది.

లెట్యూస్ నడిమి కాడ లేపింది. ఆకు విరిస్తే పాలు, నాలిక్కి చేదు. పీకి ఎరువు గుంటలో వేశా. నెల రోజుల ఆకు దక్కింది, ఒప్పందం ప్రకారమే. దీని కాలం మనకి నవంబరు నుంచి జనవరి.

థైమ్ పోయింది. మట్టి పొడిగానే ఉంది, వేరూ కుళ్ళలేదు. రాత్రుళ్ళు చల్లబడకపోవడం దానికి పడలేదని నా అంచనా. మధ్యధరా కొండల్లో పగలు ఎంత కాసినా రాత్రి తెరిపి ఉంటుంది. మనకి ఏప్రిల్‌లోనే రాత్రి పదింటికి మిద్దె మీద చెప్పుల్లేకుండా నడవలేం. పక్కనే అదే మట్టిలో రోజ్‌మేరీ మాత్రం తూర్పు వైపు మట్టి తొట్టిలో నిక్షేపంగా ఉంది. నాలుగైదు రోజులకోసారి, వేలు రెండు కణుపులు గుచ్చినా తడి తగలనప్పుడే నీళ్ళు. షేడ్‌నెట్ కిందికి కూడా తేలేదు. దాన్ని ముద్దు చేయాలనిపించిన రోజు కిందికి దిగి వెళ్ళిపోవడం మంచిది.

పొడుగాకు కొత్తిమీర మొలిచింది. ఎట్టకేలకు.

మే, కత్తిరి మొదలయ్యాక

మే 4 నుంచి 28 దాకా కర్తరి. అరవం కలిసిన మా ఊళ్ళో అది కత్తిరి. ఈ రోజుల్లో కొత్తగా ఏదీ నాటడం లేదు, కొమ్మలు కత్తిరించడం లేదు, ఎరువు వేయడం లేదు. మొక్కని నిలబెట్టడమే పని.

షేడ్‌నెట్ 50 శాతానిది, అంటే ఎండలో సగం ఆపేది, ఎనిమిదడుగుల ఎత్తున కట్టాం. తక్కువ ఎత్తున కడితే కింద వేడి గాలి నిలిచిపోతుంది. 75 శాతంది కూడా ఒక ముక్క ఉంది, అది పండన్, పొడుగాకు కొత్తిమీర మీద మాత్రమే. ఎండ ఎక్కువైనా, పగలు పొడుగైనా ఈ కొత్తిమీర నడిమిన ముళ్ళ పూత లేపి ఆకు ఆపేస్తుంది. నీడలో ఉంచితే పూత ఆలస్యమవుతుంది. లేచిన పూతకాడని ఎప్పటికప్పుడు అడుక్కి తుంచేయడం రోజువారీ పని. వాసన కొత్తిమీరదే, కాకపోతే ఇంకా ఘాటు. పొయ్యి మీద ఉడికినా పోదు. బజారు కొత్తిమీర పొద్దున కొంటే మధ్యాహ్నానికి వాడిపోయే ఈ రోజుల్లో టమోటా ఊరుబిండికి, అదే రోటి పచ్చడికి, రెండాకులు మిద్దె మీంచి తెంపుకోవడం ఎంత సుఖమో!

నీళ్ళు తెల్లవారు అయిదున్నరకే. ట్యాంకు నీళ్ళు ఆ వేళకే కాస్త మామూలుగా ఉంటాయి. మధ్యాహ్నం గొట్టం విప్పితే మొదట వచ్చేవి టీ కాచుకునేంత వేడి. పండన్‌కి, కొత్తిమీరకి ఏసీ నుంచి కారే నీళ్ళు బక్కెట్లో పట్టి పోస్తున్నా. ఆ నీళ్ళలో ఉప్పు ఉండదు. బోరు నీళ్ళతో ఆకు పసుపై ఈనెలు పచ్చగా మిగిలిన బేసిల్‌కి కూడా అవే పోస్తే రెండు వారాల్లో కొత్త ఆకు పచ్చగా వచ్చింది. నీళ్ళ ఫిల్టర్ వదిలే వ్యర్థ జలం మాత్రం పోయకండి, ఉప్పంతా చేరేది దాంట్లోనే.

మధ్యాహ్నం వాడిన మొక్కని చూసి పరిగెత్తడం మానేశా. సాయంత్రం ఆరింటికి దానంతట అది లేస్తే దానికి దాహం లేదు, ఎండకి ముడుచుకుందంతే. పొద్దున కూడా వాడి కనపడితే అప్పుడు చూడాలి.

చెర్రీ టమోటా పూత రాలుస్తోంది. పగలు 35, రాత్రి 24 దాటితే టమోటా పుప్పొడి దెబ్బ తింటుంది, పిందె కట్టదు. మనకి రాత్రే 30. మదనపల్లె టమోటాకి వేసవిలో అంత పేరెందుకో ఇక్కడ అర్థమవుతుంది. అది దాదాపు 700 మీటర్ల ఎత్తున ఉంది, తిరుపతి 160 చిల్లర. రాత్రి చల్లదనంలో ఆ తేడా చాలు. చెర్రీ రకం చెట్టుని చంపకుండా, కాయ మీద ఆశ లేకుండా, నెట్ కింద ఉంచేశా.

ఎర్రనల్లి వచ్చింది, బేసిల్ ఆకుల వెనక. వేడి, పొడి రెండూ ఉంటే దానికి పండగ. వేపనూనె కొట్టే కాలం కాదిది, ఈ ఎండలో ఆకు మాడుతుంది. తెల్లవారుజామున ఆకుల అడుగు భాగాన నీళ్ళు గట్టిగా చిమ్మడం, వరసగా వారం. ఇటలీ బేసిల్ ఆకులు దొప్పల్లా ముడుచుకుని లేతరంగుకి తిరిగాయి. థాయ్ బేసిల్‌కి చీమ కుట్టినట్టయినా లేదు. వచ్చే ఏడు ఇటలీది పెట్టను. ఉన్నదాన్ని పూతకి వదిలేశా.

గంగమ్మ జాతర వారం

వీధిలో వేషాలు తిరుగుతున్నాయి. ఇంట్లో అంబలి. చాయా మొదటిసారి వండింది ఈ వారమే. కర్రలు నడుమెత్తు పెరిగాయి. ఆకు బొప్పాయి ఆకుని చిన్నది చేసినట్టు, అయిదారు వేళ్ళుగా చీలి ఉంటుంది. కాడలకి కొన్ని రకాల్లో నూగు ఉంటుంది, చెయ్యి మండుతుంది, కాబట్టి తొడుగు వేసుకుని కోశా. దీన్ని పచ్చిగా తినకూడదు. ఆకులో సైనైడ్ విడుదల చేసే పదార్థాలుంటాయి, ఉడికిస్తే పోతాయి. మూత పెట్టకుండా, నీళ్ళు మరిగాక ఇరవై నిమిషాలు. అల్యూమినియం గిన్నె వద్దు. స్టీలు గానీ మట్టి సట్టి గానీ.

అత్త మట్టి సట్టి తీసింది. వేలెడు వెడల్పు తరిగిన ఆకు రెండు దోసిళ్ళు. గడియారం చూసి ఇరవై నిమిషాలు ఉడికించి, ఆ నీళ్ళు వంచేశాం. మళ్ళీ సట్టిలో వేసి, నాలుగు టమోటాలు, ఏడెనిమిది పచ్చిమిరక్కాయలు, ఒక ఎర్రగడ్డ, గోలీ అంత చింతపండు, గుప్పెడు పెసరపప్పు. ఉడికాక ఉప్పేసి పప్పుగుత్తితో ఎనిపింది. పాలకూర అయితే గుత్తి కింద ముద్దయిపోతుంది. ఇది కొంచెం ఎదురుతిరిగింది, నార లేదు గానీ ఆకుకి కండ ఉంది. అత్త మోకాళ్ళ మధ్య సట్టి బిగించి, గుత్తి చేతుల మధ్య చిలికినట్టు తిప్పుతూ, ఒక్కో విడతకి ఆగి వేలితో అంచున నొక్కి చూసింది. తెల్లగడ్డలు చితక్కొట్టి, ఎండుమిరక్కాయ, ఆవాలు పోపు. పులగూర దిగింది.

సంగటి ముద్దలో గుంట చేసి వేసుకుని రెండు ముద్దలు మాట్లాడకుండా తింది. తర్వాత,

“మునగాకు వాసన లేదు. సిర్రాకు కంటే గట్టి. చేదూ వగరూ ఏం లేదు. ఎన్నాళ్ళుంటాది చెట్టు?”

“ఏళ్ళ తరబడి ఉంటాదంట అత్తా.”

“అట్లైతే ఆ తొట్టి ఎందుకు, కింద బావి గట్టున పాతు.”

కోతులు చాయా జోలికి రాలేదు. ఒకటి ఆకు తుంచి వాసన చూసి పారేసింది. ఈ విషయంలో వాటి తెలివికి దండం పెట్టాలి.

రోహిణి కార్తె

రోహిణిలో రోళ్ళు పగులుతాయన్నట్టే ఉంది. ఒక సాయంత్రం మబ్బు కమ్మి, కొండ వైపు నుంచి గాలివాన కొట్టింది. షేడ్‌నెట్ గాలికి ఉబ్బి, నాలుగు మూలలా గట్టిగా కట్టి ఉండటంతో కుట్టు వెంబడి చీలింది. ఇనప గొట్టం ఒకటి వంగింది. మళ్ళీ కట్టేటప్పుడు పడమర మూలలు రెండూ సన్నని పురికొసతో కట్టాం. గాలి మితిమీరితే ముందు ఆ కొస తెగుతుంది, నెట్ ఎగిరి ఒక పక్కకి పడుతుంది, గొట్టాలు మిగులుతాయి. ఇంకా పరీక్ష కాలేదు.

సిస్సూ గురించి ఇంతవరకు రాయలేదు, రాయడానికి ఏమీ జరగకపోవడమే కారణం. మార్చిలో గుచ్చిన జానెడు కొమ్మలు తొట్టి అంచులు దాటి కింద ఇటుకల మీద కూడా వేళ్ళు పట్టాయి. ముడతల ముడతల ఆకు, ఎండకి వాడదు, పురుగు పట్టదు, పూత గొడవ లేదు. వారానికోసారి కోసినా తరగలేదు. పొన్నగంటాకు లాగే వేపుడు చేసుకోవచ్చు, కాస్త కరకరలాడుతుంది. దీంట్లోనూ పాలకూరలో లాగే ఆక్సలేట్లు ఉంటాయి, కాబట్టి పచ్చిగా కాకుండా ఉడికించి తినడం నయం. ఎండాకాలానికి ఒకే ఒక్క కొత్త ఆకుకూర పెట్టుకోవాలని ఎవరైనా అడిగితే చాయా పేరు చెప్పను, దీన్నే చెప్తా. చాయాకి వండే ఓపిక కావాలి.

పండన్ నిదానం. మూడు నెలల్లో నాలుగు కొత్తాకులు. ఒక ఆకు ముడివేసి బియ్యంలో పడేస్తే మామూలు సోనా మసూరి అన్నం బాస్మతి వాసన కొడుతోంది. రెండింటి వాసనకీ ఒకే పదార్థం కారణం. మన మొగలి పొదల జాతి మొక్క ఇది, కాబట్టి తడి ఉంటే చాలు, తొందర లేదు.

రెక్కల చిక్కుడు తెర పడమర గోడంతా కమ్మింది. నీళ్ళు మాత్రం తాగుతుంది, అన్ని తొట్లకన్నా ఎక్కువ. దాని వెనక ఉన్న తెల్ల బ్యాగులో మధ్యాహ్నం మూడింటికి మళ్ళీ థర్మామీటర్ గుచ్చితే 35. గాలి 42 ఉన్న రోజు.

జూన్, మృగశిర వచ్చాక

రెండు జల్లులు పడ్డాయి. చెర్రీ టమోటా కొత్త పూత వేసింది, ఈసారి రెండు గుత్తులు పిందె పట్టాయి. ఇటలీ బేసిల్ కాడలు ఎండాక నలిపి ఊదితే నల్ల గింజలు పావు గ్లాసు వచ్చాయి. నీళ్ళలో వేస్తే అంగడి సబ్జా లాగే జిగురు కట్టాయి. నిమ్మరసంలో తాగేశాం.

చాయా ఒక కొమ్మని అత్త చెప్పినట్టే బావి గట్టున పాతాం. పక్కింటి అక్క తనకీ కావాలంది. కొమ్మ కోసి, ఆరబెట్టి ఇచ్చేటప్పుడు దానికి ఒక కాగితం కట్టా: పచ్చిగా తినొద్దు, ఇరవై నిమిషాలు ఉడికించు, అల్యూమినియం దబరలో వద్దు. ఎవరికి ఇచ్చినా ఈ కాగితంతోనే ఇస్తున్నా. కొమ్మ చేతులు మారుతుంది, చెప్పిన మాట వెంట వెళ్ళదు.

రోజ్‌మేరీ ఎండని దాటింది గానీ దాని గండం ముందుంది. మన ఊరికి అసలు వాన అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య రుతుపవనాలతో. 2021 నవంబరులో ఊరు ఎట్లా మునిగిందో చూశాం కదా. దసరా లోపల ఆ తొట్టిని మెట్ల గది సన్‌షేడ్ కిందికి మార్చాలి. అడుగు రంధ్రాలు రెండు ఇంకా పెద్దవి చేయాలి, పైన ఒక అంగుళం కంకర పరచాలి. రెక్కల చిక్కుడు పువ్వు తొడిగేదీ ఆ రోజుల్లోనే కాబట్టి, దానికి ఇప్పుడున్న జీఐ తీగలు కాయల బరువు ఆపవు. పందిరికి వెదురు బొంగులు ఈ నెల్లోనే చెప్పి పెట్టాలి.